మళ్లీ జారిన డిస్క్: రెండో ఆపరేషన్ ఎవరికి, ఎట్లా

(నెల్లూరులో నడుం ఆపరేషన్ అయినవాళ్లకీ వాళ్ల ఇంట్లోవాళ్లకీ ఒక వెన్నెముక సర్జన్ చెప్పిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ హాల్లో సగంమందికి పైగా నడుం ఆపరేషన్ అయినవాళ్లే అని చెప్పారు. కాబట్టి కుర్చీలోంచి లేస్తే బాగుండదేమో అని మొహమాటపడొద్దు. లేవండి, గోడకు ఆనుకుని నిలబడండి, వెనక వరండాలో నాలుగడుగులు వేసి రండి. మర్యాదకి చెప్పడం లేదు నేను. 1960ల్లో స్వీడన్‌లో నాకెమ్సన్ అనే డాక్టరు బతికున్న మనుషుల డిస్క్‌లోకి సూది పెట్టి లోపలి ఒత్తిడి కొలిచాడు. నిలబడ్డప్పుడు ఒత్తిడి 100 అనుకోండి. వెల్లకిలా పడుకుంటే 25. మరి కూర్చుంటే? తగ్గుతుంది అంటారు కదా? 140. కూర్చుని ముందుకు వంగితే 185. తర్వాత 1999లో జర్మనీలో విల్కె బృందం మళ్లీ కొలిచింది. వెనక్కి వాలి కూర్చుంటే అంత ఉండదని తేలింది. కానీ ముందుకు వంగి బరువెత్తితే ఒత్తిడి విపరీతం అన్నచోట మాత్రం ఇద్దరి లెక్కా ఒకటే. అదిగో, ముందు వరసలో అయ్యగారు అప్పుడే వెనక్కి వాలారు. మంచిది.

ఇవాళ్టి సంగతి ఏందంటే, ఒకసారి డిస్క్ ఆపరేషన్ అయ్యాక అదే చోట మళ్లీ జారితే ఏం చేయాలి? దీని మీద మన ఊళ్లలో రెండు మాటలు నాటుకుపోయాయి. ఒకటి, మళ్లీ కాలు లాగుతోంది అంటే మళ్లీ డిస్క్ జారినట్టే. రెండు, మళ్లీ జారింది అంటే ఇంక పూసల్ని బిగించే రాడ్లూ స్క్రూలూ పడాల్సిందే. రెండూ తప్పే. మొదటి తప్పు వల్ల అక్కర్లేని ఆపరేషన్ జరుగుతుంది. రెండో తప్పు వల్ల అక్కర్లేనంత పెద్ద ఆపరేషన్ జరుగుతుంది.

ముందు డిస్క్ అంటే ఏందో చూద్దాం. 'గ్యాప్ వచ్చింది' అంటారు మనవాళ్లు. గ్యాప్ కాదండీ, పూసల మధ్య ఉండాల్సిన మెత్త బయటికి వచ్చింది. ఆ మెత్తకి బయట పీచు పట్టీలు, ఉల్లిపాయ పొరల్లాగా ఒకదాని చుట్టూ ఒకటి. లోపల జిగురు గుజ్జు. నడుంలో అయిదు పూసలు, ఎల్1 నుంచి ఎల్5 దాకా. ఎల్5 కింద త్రికాస్థి అనే ముక్కోణపు ఎముక, దాని మొదటి భాగం ఎస్1. జారే డిస్క్‌ల్లో నూటికి 90కి పైగా ఎల్4-ఎల్5 మధ్య గానీ, ఎల్5-ఎస్1 మధ్య గానీ ఉంటాయి. బరువంతా మోసేది ఆ రెండే మరి.

ఇప్పుడు ఒక ధాన్యం బస్తా ఊహించుకోండి. హమాలీ కొక్కెం వేసి లాగాడు, కన్నం పడింది, గింజలు కారుతున్నాయి. మొదటి ఆపరేషన్‌లో మేం చేసేది ఏంది? కిందపడ్డ గింజలు ఎత్తేస్తాం. కన్నం దగ్గర వేలాడుతున్న నాలుగు గింజలు తీసేస్తాం. అంతే. బస్తాలో మిగిలిన ధాన్యం అట్లాగే ఉంది. మరి కన్నం? కన్నం కూడా అట్లాగే ఉంది.

'కుట్టెయ్యొచ్చు కదండీ' అంటారు. గోనెసంచి అయితే దబ్బనం తీసుకుని కుట్టొచ్చు. ఇక్కడ దబ్బనం తిరిగే చోటు లేదు, కుట్టినా నిలిచే గుడ్డ లేదు. పెద్దయ్యాక డిస్క్‌కి రక్తనాళాలు ఉండవు. పైన కింద ఉన్న ఎముకలోంచి ఊరి వచ్చే పోషణతోనే బతుకుతుంది. రక్తం అందనిచోట గాయం సరిగా మానదు. కన్నం మీద పల్చటి మచ్చ పొర ఒకటి కడుతుంది, దానికీ వారాలూ నెలలూ పడుతుంది. కన్నానికి అడ్డంగా ఎముకలోకి దిగగొట్టే టైటానియం గొళ్లెం, దానికి వల ఉన్న పరికరం ఒకటి వచ్చింది. కన్నం పెద్దగా ఉన్నవాళ్లలో మళ్లీ జారడం తగ్గించింది, నిజమే. పక్క ఎముకలో గుంటలాంటి మార్పులూ కనబడ్డాయి, అదీ నిజమే. అందరికీ వేసే వస్తువు కాదది.

ఇంకో ప్రశ్న వస్తుంది. 'మొదటిసారే బస్తా మొత్తం ఖాళీ చేసేస్తే పోయేది కదా?' మంచి ప్రశ్న. ఖాళీ బస్తా ఏమవుతుంది? కూలబడుతుంది. పై పూస కింద పూస మీద కూర్చుంటుంది, పూసల వెనక ఉండే చిన్న కీళ్లు, ఫేసెట్ కీళ్లంటారు, అవి అరుగుతాయి, నరం బయటికి పోయే కిటికీ ఇరుకవుతుంది. మళ్లీ జారడం కొంత తగ్గొచ్చు గానీ, నడుం నొప్పి ఇంట్లో తిష్ఠ వేస్తుంది. అందుకే జారిన ముక్క, వదులుగా ఆడుతున్న ముక్కలు తీసి ఆగిపోవడం మంచిదని ఎక్కువమంది సర్జన్ల మాట. మళ్లీ జారడం అనేది ఆ నిర్ణయంతో పాటు వచ్చే ఖర్చు. నూటికి 5 నుంచి 15 మందికి జరుగుతుంది. సర్జన్ పొరపాటు చేస్తేనే జరుగుతుంది అనుకోవద్దు. మీరు తప్పు చేస్తేనే జరుగుతుందనీ అనుకోవద్దు. ఒక్క తుమ్ముకి జారినవాళ్లున్నారు.

అట్లాగని అందరికీ ఒకే ప్రమాదం ఉండదు. కన్నం 6 మి.మీ. దాటితే ఎక్కువ. షుగరు ఉంటే, పొగ తాగితే ఎక్కువ. డిస్క్ ఎత్తు ఇంకా బాగా ఉన్నవాళ్లకి ఎక్కువ. ఇది వింతగా ఉంటుంది వినడానికి, కానీ ఆలోచించండి: బస్తాలో ధాన్యం మిగిలి ఉంటేనే కదా కారేది? తర్వాత పని. మిల్లులో 75 కిలోల ధాన్యం బస్తా వీపుకెత్తుకునేవాళ్లు, రొయ్యల గుంట గట్టు మీద మేత సంచులు మోసేవాళ్లు, పొగాకు బేళ్లు దొర్లించేవాళ్లు, చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లు, కృష్ణపట్నం రేవుకి లారీలు తోలేవాళ్లు. లారీ డ్రైవరు బరువేం ఎత్తడు కదా అంటారు. ఎత్తడు. కానీ కూర్చున్నంతసేపూ లారీ ఊపుతూనే ఉంటుంది, ఆ ఊపుడంతా ఆ డిస్క్ మీదే పడుతుంది.

అసలు అది మళ్లీ జారడమేనా?

ఇప్పుడు అసలు విషయం. ఆపరేషన్ అయినాయన మళ్లీ వచ్చి 'కాలు లాగుతోంది' అంటే, మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. మధ్యలో ఎన్నాళ్లు బాగున్నారు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు సరిగ్గా చెబితే సగం పని అయిపోతుంది. అందుకే మీ డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో కూర్చుని, కాదు, నిలబడి, తేదీలు గుర్తుచేసుకుని కాగితం మీద రాసుకోండి.

ఒక్కరోజు కూడా కాలు నొప్పి తగ్గలేదా? అయితే మళ్లీ జారడం కాదది. ముక్క ఇంకా లోపలే మిగిలి ఉండొచ్చు. పక్క లెవెల్‌లో, అంటే పక్క పూసల మధ్య, ఆపరేషన్ జరిగి ఉండొచ్చు, అరుదే గానీ ఉంది. నరం బయటికి పోయే కిటికీ ఇరుకు చూడకుండా వదిలేసి ఉండొచ్చు. లేదా నొప్పి అసలు నడుం నుంచి వచ్చింది కాకపోవచ్చు. తుంటి కీలు అరిగితే గజ్జల్లో నొప్పి, చెప్పు వేసుకోవడానికి కాలు మడవలేరు. కాలి రక్తనాళం మూసుకుపోతే నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే చాలు, తగ్గుతుంది. షుగరు తిమ్మిరైతే రెండు పాదాలకీ మేజోళ్లు తొడిగినట్టుంటుంది. వీటికి నడుం కోస్తే ఏం లాభం?

ఒకటి నుంచి నాలుగు వారాలు బాగుండి, తర్వాత నడుంలో భరించలేని నొప్పా? మంచం మీద పక్కకి తిరిగితే కేక వేసేంత? దానితో జ్వరం ఉన్నా లేకున్నా ఇన్ఫెక్షన్ అనుమానించాలి. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్షలు చేయించాలి, ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే అవి పెరుగుతాయి. ఆపరేషన్ తర్వాత రెండు వారాలకి సీఆర్‌పీ మామూలుకి దిగిపోవాలి. దిగినది మళ్లీ ఎక్కితే గంట మోగినట్టే. ఈఎస్‌ఆర్ దిగడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, దాన్ని ఒక్కదాన్నే చూసి కంగారుపడొద్దు.

కొన్ని నెలలు హాయిగా ఉండి, తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి అదే కాలు, అదే దారి, కరెంటు షాకులాగా? దగ్గితే, తుమ్మితే పాదం దాకా జివ్వుమంటోందా? ఇది మళ్లీ జారడం. ఆరు నెలలు బాగుండి వస్తేనే ఆ పేరు పెట్టాలని చాలామంది పుస్తకాల్లో రాస్తారు. అంతకన్నా ముందు కూడా జారుతుంది, వైద్యంలో పెద్ద తేడా లేదు.

ఇంకో రకం ఉంది. నెమ్మదిగా, నెలల తరబడి మంట. కాలు బరువు. చీమలు పాకినట్టు. దగ్గినా తుమ్మినా తేడా లేదు, కాలు ఎత్తి చూస్తే పట్టదు. ఇది నరం చుట్టూ కట్టిన మచ్చ కావచ్చు, లేదా చాలాకాలం నలిగిన నరం చేసే గోల కావచ్చు. ఈ మచ్చ తీయడానికని ఆపరేషన్ చేస్తే? మళ్లీ మచ్చే కడుతుంది, ముందుకన్నా ఎక్కువ. కాబట్టి ఒట్టి మచ్చకి ఆపరేషన్ చేయరు. మందులు, ఇంజక్షన్లు, వ్యాయామం, ఎంతకీ లొంగకపోతే నరాలకి సన్నని కరెంటు ఇచ్చే స్టిమ్యులేటర్.

మరి మచ్చా, ముక్కా ఎట్లా తెలుస్తుంది? మామూలు ఎంఆర్‌ఐలో రెండూ ఒకేలా బూడిదరంగులో కనబడొచ్చు. అందుకే ఆపరేషన్ అయిన నడుంకి గాడోలినియం అనే మందు చేతి రక్తనాళంలోకి ఎక్కించి మళ్లీ తీస్తారు. మచ్చలో రక్తనాళాలు ఉంటాయి, అది మెరుస్తుంది. డిస్క్ ముక్కలో రక్తం ఉండదు, అది నల్లగా ఉండిపోతుంది, చుట్టూ అంచు మాత్రం మెరుస్తుంది. మందు ఎక్కించిన వెంటనే తీయాలి. అరగంట ఆగితే మందు ముక్కలోకి కూడా ఊరిపోయి మోసం చేస్తుంది. మందు ఎక్కించే ముందు క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎట్లా ఉందో చెప్పే రక్తపరీక్ష, చూపించుకోండి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లయితే ముందే చెప్పాలి. దాచొద్దు.

స్కాన్‌తో పాటు ఇంకో పరీక్ష ఉంది, చవకది, అందుకేనేమో అందరూ మర్చిపోతారు. నిలబడి, ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి, ఎక్స్‌రేలు. ఎంఆర్‌ఐలో మీరు పడుకుని ఉంటారు, పూస కదలదు. నిలబడి వంగితే పూస 3-4 మి.మీ. ముందుకు జారుతోందా? ఇది తెలియకుండా రాడ్లు వేయాలా వద్దా అని ఎవరైనా ఎట్లా చెబుతారు?

కనిగిరి, దర్శి, పొదిలి వైపు నుంచీ, మన ఉదయగిరి మెట్ట నుంచీ వచ్చినవాళ్లు ఉంటే ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల వెన్నులో పూసల్ని కట్టి ఉంచే పట్టీలు, అదే లిగమెంట్లు, గట్టిపడి ఎముకలాగా మారతాయి. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, సుద్దలాగా కనబడుతుంది. వాళ్లలో కాలు నొప్పికి కారణం ఒక్క డిస్కే కాకపోవచ్చు, నరాలు పోయే కాలువ మొత్తం ఇరుకై ఉండొచ్చు. గట్టిపడ్డ లిగమెంట్ నరాల సంచికి అంటుకుని ఉంటుంది, చింపకుండా తీయడం కష్టం. మీ ఊరి నీళ్ల సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

ఆగకూడని మూడు, ఆగాల్సిన ఆరు వారాలు

ఈ మూడు సంగతుల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆగకూడదు. ఒంటికి పోయేచోట, పిరుదుల మధ్య, సైకిల్ సీటు తగిలే భాగమంతా మొద్దుబారడం. ఉచ్చ రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. పాదం గానీ బొటనవేలు గానీ పైకి లేవకపోవడం, చెప్పు జారిపోవడం. మొదటి రెండింట్లో ఒక్కటి ఉన్నా అది అర్ధరాత్రయినా సరే, పండగరోజయినా సరే, బయల్దేరాలి. 48 గంటల్లోపు ఆపరేషన్ జరగాలని రాస్తారు, నా మాట వింటే 48 గంటలు అనేది గడువు అనుకోవద్దు, ఎంత తొందరగా అయితే అంత మంచిది. ఉచ్చ ఆగిపోయినాయనకి గొట్టం వేసి 'తగ్గుతుందిలే' అని వార్డులో పడుకోబెట్టడం అన్నిటికన్నా పెద్ద నష్టం. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు జీవితాంతం తిరిగి రాకపోవచ్చు.

ఇంట్లో చూసుకోవడానికి చిన్న పరీక్ష. మడమల మీద నాలుగడుగులు నడవండి. బొటనవేలు లేవకపోతే ఎల్5 నరం, అంటే ఎల్4-ఎల్5 డిస్క్. తర్వాత మునివేళ్ల మీద, ఒంటికాలితో పదిసార్లు పైకి లేవండి. లేవలేకపోతే ఎస్1 నరం, ఎల్5-ఎస్1 డిస్క్. పక్కన ఎవరినైనా పట్టుకుని చేయండి, పడిపోవద్దు.

ఈ మూడూ లేవా? నొప్పి ఒక్కటేనా? అయితే ఆరు వారాలు ఆగొచ్చు. మళ్లీ జారినదైనా సరే. బయటికి ఊడి వచ్చిన పెద్ద ముక్కని ఒళ్లు తనే తినేస్తుంది, చాలామందిలో నెలల్లో కుంచించుకుపోతుంది. మందులు, నడక, పనిబడితే నరం మొదట్లో స్టెరాయిడ్ ఇంజక్షన్. షుగరు ఉన్నవాళ్లకి ఆ ఇంజక్షన్ తర్వాత కొన్నాళ్లు షుగరు ఎగబాకుతుంది, రోజూ చూసుకోవాలి. పూర్తిగా పడక వేయొద్దు. ఇంకోటి, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం తన్నించుకోవడం. నవ్వుతున్నారు, కానీ చేయించుకున్నవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు! మామూలు నడుం పట్టుకి ఏమైనా అనుకోండి. ఆపరేషన్‌లో ఎముక కొంచెం తీసి ఉన్న నడుం అది, కన్నం ఉన్న డిస్క్ అది. దాని మీద కాలు వేయించుకోవద్దు. పసర్ల మర్దనా, విరవడాలూ అంతే.

రెండో ఆపరేషన్ లోపల ఏం జరుగుతుంది

ఆరు వారాలైనా నిద్రపట్టని కాలు నొప్పి, స్కాన్‌లో అదే నరం మీద ముక్క. రెండూ కలిస్తేనే ఆపరేషన్. కుడికాలు లాగుతుంటే స్కాన్‌లో ఎడమ వైపు ముక్క కనిపిస్తే? ఆ ముక్కకి కాదు మనకి పని.

మొదటి ఆపరేషన్ లాంటిదేనా రెండోది? కాదు. చాలామంది అనుకున్నట్టు 'ఆ కుట్లే విప్పి మళ్లీ తీస్తారు' కాదు. మొదటిసారి కండ పక్కకి తీయగానే ఎముక, దాని కింద పసుపు రంగు లిగమెంట్ ఒకటి పరదాలాగా ఉంటుంది. ఆ పరదా తీస్తే నరాల సంచి. రెండోసారి ఆ పరదా లేదు. కండ, మచ్చ, నరాల సంచి, మూడూ కలిసి ఒకే ముద్దగా అతుక్కుని ఉంటాయి. తెల్లటి మచ్చలో తెల్లటి సంచి. ఎక్కడ ఆగాలో కంటికి తెలియదు.

పూర్తి మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెడతారు. ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు, పొట్ట మాత్రం గాలిలో వేలాడాలి. ఎందుకు? పొట్ట నొక్కుకుంటే ఆ రక్తం వెన్నులోని సిరల్లోకి ఎక్కుతుంది. రెండు వేళ్లు పట్టని గుంటలో రక్తం నిండితే గుడ్డివాడు వల వేసినట్టే. కళ్ల మీద ఒత్తిడి పడకూడదు, చూపు పోయిన సందర్భాలున్నాయి. కోతకి ముందు గంటలోపు యాంటీబయాటిక్. సీ-ఆర్మ్ ఎక్స్‌రే కింద సూది పెట్టి లెవెల్ చూస్తారు, ఎముక దాకా వెళ్లాక మళ్లీ చూస్తారు. రెండుసార్లు. పాత మచ్చ ఉంది కదా అని లెవెల్ చూడకుండా దిగకూడదు.

పాత మచ్చ మీదే 3-4 సెం.మీ. కోత. ఇప్పుడు మెలకువ అంతా ఇక్కడే ఉంది. మచ్చ మధ్యలోకి దిగకూడదు. ముందు ఎముక వెతకాలి. పాత ఆపరేషన్ వాళ్లు ముట్టుకోని ఎముక. పై పూస వెనక పలక అంచు, పక్కన ఫేసెట్ కీలు. ఆ అంచు వెంట క్యూరెట్ అనే చిన్న చెంచాలాంటి సాధనంతో, రోట్లో అంటుకున్న పచ్చడి చెంచాతో తీసినంత ఓపికగా, మచ్చని ఎముక నుంచి విడదీయాలి. తర్వాత డ్రిల్లుతో, ఎముక కొరికే పంచ్‌తో 2-3 మి.మీ. కొత్త ఎముక తీస్తారు. అప్పుడు మచ్చ తగలని శుభ్రమైన పొర కనిపిస్తుంది. అక్కడి నుంచి కిందికి పోతే పెడికిల్ అనే ఎముక స్తంభం. నరం ఎప్పుడూ ఆ స్తంభం లోపలి అంచుకి ఆనుకునే పోతుంది. మనిషి మారినా, మచ్చ ఎంతున్నా, ఆ సంగతి మారదు. స్తంభం దొరికిందా, నరం దొరికినట్టే.

నరం మీద ఉన్న మచ్చని గీకి తెల్లగా చేయాలనే ఆశ పెట్టుకోకూడదు. మచ్చతో సహా నరాన్ని లోపలి వైపుకి మెల్లగా, కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే, జరపాలి. నరాన్ని పక్కకి పట్టి ఉంచే రిట్రాక్టర్ నాలుగైదు నిమిషాలకోసారి వదలాలి. నరానికి రక్తం అందాలి కదా. దాని కింద ఉబ్బు కనిపిస్తుంది, పొర కొంచెం కోస్తే ముక్క తనే బయటికి తోసుకొస్తుంది. ఎట్లా ఉంటుందో తెలుసా? ఉడికించి ఒలిచిన రొయ్య కండలా ఉంటుంది. తెల్లగా, పీచులు పీచులుగా, రబ్బరులాగా సాగుతూ. రోంజర్ అనే పట్టుకారుతో పట్టుకుని మెల్లగా లాగితే కొన్నిసార్లు వేలంత పొడుగు ఒకే ముక్క వస్తుంది.

కన్నంలోంచి వదులు ముక్కలు తీసేటప్పుడు లోతు మీద గట్టి లెక్క ఉంది. రెండున్నర, మూడు సెంటీమీటర్లు దాటకూడదు. డిస్క్‌కి అటువైపు పొట్టలో పెద్ద రక్తనాళాలు. బృహద్ధమని సరిగ్గా ఎల్4 దగ్గరే రెండుగా చీలుతుంది. రోంజర్ ముందు పట్టీని దాటి నాళాన్ని కొరికితే, రక్తం వెనక గాయంలోంచి రాకపోవచ్చు కూడా, పొట్టలోకి పోతుంది. మత్తు డాక్టరు బీపీ పడిపోయిందని కేకేస్తే తప్ప తెలియదు. చాలా అరుదు. జరిగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సాధనం మీద లోతు గుర్తు, దవడ డిస్క్ లోపలే తెరవడం, అక్కడే మూయడం.

చివర్లో నరం కింద, పైన, కిటికీలో సన్నని కొక్కెంతో వెతుకుతారు. దాక్కున్న ముక్క ఉందా? స్కాన్‌లో ఉన్నంత బయటికి వచ్చిందా? నరం వదులుగా కదులుతోందా? నలిగి చదునైన సంచి మెల్లగా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. సెలైన్‌తో కడిగి, రక్తం ఆగిందని చూసి మూస్తారు. అంతా కలిపి గంటన్నర, రెండు గంటలు.

ఏం తప్పు జరగొచ్చు? అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది నరాల సంచి చిరగడం. మొదటి ఆపరేషన్‌తో పోలిస్తే రెండు మూడు రెట్లు ఎక్కువ. లోపలి నుంచి నీళ్లలాంటి ద్రవం వస్తుంది. అక్కడే చూసి, సన్నని దారంతో కుట్టి, కొవ్వు ముక్కో జిగురో పెట్టి, ఒకటి రెండు రోజులు పడుకోబెడితే చాలామందికి ఏమీ కాదు. చిరిగింది అని డాక్టరు చెబితే కోపగించుకోవద్దు, చెప్పాడంటే చూసుకున్నాడని అర్థం. ఇంటికి వెళ్లాక లేచి కూర్చుంటే తలనొప్పి, పడుకుంటే పోతుందా? కట్టు నీళ్లతో తడుస్తోందా? వెంటనే రండి. పైన ఇంకో కట్టు వేసుకుని ఊరుకోవద్దు, మెదడు పొరలకి ఇన్ఫెక్షన్ పోతుంది.

రాడ్లు ఎవరికి? ఇందాకటి రెండో తప్పుకి వచ్చాం. మొదటిసారి మళ్లీ జారితే, పూస కదలకపోతే, నొప్పి ముఖ్యంగా కాలులోనే ఉంటే ముక్క తీస్తే చాలు. పదిమందిలో ఏడెనిమిది మందికి కాలు నొప్పి బాగా తగ్గుతుంది. రాడ్లు వేసినవాళ్లకి కాలు నొప్పి ఇంతకన్నా ఎక్కువ తగ్గదు. మరి ఎప్పుడు వేయాలి? వంగి తీసిన ఎక్స్‌రేలో పూస కదులుతుంటే. పూస ముందే జారి ఉంటే. ముక్క తీయడానికి ఫేసెట్ కీలు సగానికి పైగా తీయాల్సి వస్తే. డిస్క్ కూలిపోయి కిటికీలో నరం నలుగుతుంటే. కాలితో సమానంగా నడుం నొప్పి కూడా ఏళ్లుగా ఉంటే. మూడోసారి జారితే. ఇవి కారణాలు. 'మళ్లీ మళ్లీ ఎందుకు, ఒకేసారి ఫిక్స్ చేసేద్దాం' అనేది కారణం కాదు.

అందులో చేసేది, ఒక పక్క ఫేసెట్ కీలు తీసి, డిస్క్ శుభ్రం చేసి, మధ్యలో 8 నుంచి 12 మి.మీ. ఎత్తు ఉండే కేజ్, అంటే చిన్న డబ్బాలాంటి దిమ్మ, పెట్టి, మీ ఎముక పొడే దాని చుట్టూ దట్టించి, పైన కింద పూసల్లోకి నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు. స్క్రూలు పట్టి ఉంచేది తాత్కాలికంగానే, రెండు పూసలూ ఒకటిగా అతుక్కోవాలి, దానికి ఆరు నెలల నుంచి ఏడాది. అతుక్కోకపోతే స్క్రూ వదులవుతుంది. పొగతాగేవాళ్లలో ఇదే జరుగుతుంది. ఒంగోలు, కందుకూరు అంటే పొగాకు పండే నేల. పండించండి, అమ్ముకోండి, మీరు మాత్రం తాగొద్దు. ఎముక గుల్లబారినవాళ్లకి ముందు డెక్సా, అంటే ఎముక గట్టిదనం కొలిచే స్కాన్, చేయించాలి. అతుక్కున్నాక ఆ చోట కదలిక ఉండదు కాబట్టి ఆ భారం పై డిస్క్ మీద పడుతుంది, ఏళ్లకి అది అరగొచ్చు.

ఎండోస్కోపీ, అంటే చిన్న కన్నంలోంచి కెమెరా గొట్టంతో చేసే ఆపరేషన్, దాని గురించి అడుగుతారని తెలుసు. పక్క నుంచి, అంటే మచ్చ లేని దారిలో వెళ్లొచ్చు, అదే దాని గొప్ప. ఎల్4-ఎల్5 దగ్గర బాగా కుదురుతుంది. ఎల్5-ఎస్1 దగ్గర తుంటి ఎముక అడ్డం వస్తుంది. చేయి తిరిగినవాళ్లు చేయాలి. లేజర్‌తో కరిగిస్తాం అంటే మాత్రం, ఊడి కాలువలో పడ్డ ముక్కని లేజర్ ఏమీ చేయదు.

ముందూ వెనకా

ఆపరేషన్‌కి వచ్చేటప్పుడు పాత ఎంఆర్‌ఐ సీడీ, ఫిల్ములు, పాత డిశ్చార్జి కాగితం, అందులో ఏ పక్క, ఎంత ఎముక తీశారో రాసిన ఆపరేషన్ నోట్సు తెచ్చుకోండి. లేకపోతే పాత ఆసుపత్రికి వెళ్లి అడగండి, అది మీ హక్కు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్లేవాళ్లు ముందే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ల దగ్గర కూర్చుని ఏ కాగితాలు కావాలో రాయించుకోండి. గుండెకి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టరు రాసిచ్చినట్టే ఆపాలి. మూడు నెలల షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, 8 దాటి ఉంటే, తొందరలేని ఆపరేషన్ అయితే, తగ్గించుకుని రండి.

ముక్క తీసిన ఆపరేషన్ అయితే ఆ సాయంత్రమో మర్నాడో నడిపిస్తారు. లేచేటప్పుడు నడుం మెలితిప్పకుండా దుంగ దొర్లినట్టు పక్కకి తిరిగి, కాళ్లు కిందికి వేసి, చేత్తో తోసుకుని లేవాలి. మొదటి ఆరు వారాలు ఒకేసారి అరగంటకి మించి కూర్చోవద్దు. రెండు మూడు కిలోలకి మించి ఎత్తొద్దు. నిండు బిందె వద్దు, చంటిపిల్లని కింద నుంచి ఎత్తుకోవడం వద్దు, మంచం మీద కూర్చోబెట్టి ఎత్తుకోండి. కింద కూర్చునే దొడ్డికి బదులు కమోడు కుర్చీ. రోడ్డు బాగాలేని చోట బైకు వెనక కూర్చుని ప్రయాణం వద్దు. మలబద్ధకం రానివ్వొద్దు, ముక్కితే డిస్క్ మీదే ఒత్తిడి. కూర్చుని చేసే పనికి నాలుగైదు వారాలకి పోవచ్చు. బస్తాలెత్తే పనికి మూడు నెలలు, రాడ్లు వేస్తే ఆరు నెలలు, అప్పుడు కూడా డాక్టరు చూశాకే.

ఒక చీటీ వచ్చింది. 'పాదం పడిపోయి ఆపరేషన్ అయింది, నాలుగు నెలలైనా లేవలేదు, ఇంక లేవదా?' లేవొచ్చు. నరం నెమ్మదిగా కోలుకుంటుంది, ఏడాది దాకా చూడాలి. ఈలోపు పాదం కిందికి వాలి మడమ వెనక ఉండే గట్టి పట్టీ కురచబడిపోకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ వేసుకుని, రోజూ చేత్తో పాదాన్ని పైకి మడిచి పట్టుకోండి. ఒక్కోసారి అర నిమిషం, పదిసార్లు, పొద్దునా సాయంత్రం.

ఇంకో చీటీ: 'మిల్లులో పనే నాకు తెలిసింది. మూడు నెలల తర్వాత బస్తా మోయొచ్చా, వద్దా, ఒకటే మాట చెప్పండి.' ఒకటే మాట అంటే, 75 కిలోల బస్తా ఒంటరిగా వీపుకెత్తుకోవడం వద్దు. మేస్త్రీతో మాట్లాడి కాటా దగ్గరో, మూతులు కుట్టే దగ్గరో పని అడగండి. తప్పదంటే, నేల మీది బస్తాకి వంగొద్దు. ఇద్దరు కలిసి నడుం ఎత్తు బల్ల మీదికి చేర్చి, మోకాళ్లు వంచి, బస్తాని ఒంటికి ఆనించుకుని అక్కడి నుంచి ఎత్తుకోండి. ఎత్తుకున్నాక నడుం తిప్పొద్దు, పాదాలు తిప్పండి. మేస్త్రీకి ఉత్తరం కావాలంటే బయట మా వాళ్లు రాసిస్తారు, పేరు చెప్పి తీసుకెళ్లండి.